ఒంటరిగా, తాపీగా ఓడ ప్రయాణం: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నర్సాపురం, భీమవరం వైపు నుంచి క్రూజ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలివి. అడిగేవాళ్లలో రిటైరైనవాళ్లు, పిల్లలు అమెరికాలో స్థిరపడినవాళ్లు, భర్తో భార్యో పోయినవాళ్లు, అసలు పెళ్లే వద్దనుకున్నవాళ్లు ఎక్కువ. వాళ్లకి కావలసింది డాన్సులూ డీజేలూ కాదు. నాలుగు రోజులు ఎవరికీ వండిపెట్టకుండా, ఎవరికీ సమాధానం చెప్పుకోకుండా నీళ్లు చూస్తూ కూర్చోవడం. దాన్ని దృష్టిలో పెట్టుకునే రాశాను.

ఒక్కరే వెళ్తే పిచ్చెక్కిపోదా?

మనవైపు ఒక్కరే ప్రయాణం చేశారంటే అది ఆఫీసు పని, లేకపోతే ఆస్పత్రి పని. తిరుపతి వెళ్లాలన్నా టెంపో ట్రావెలర్ నిండాల్సిందే. సరదాకి ఒక్కరే బయల్దేరితే "ఏమ్మా, ఇంట్లో ఏమైనా గొడవైందా?" అని వీధి చివరిదాకా వాకబు చేస్తారు. అందుకే ఈ ప్రశ్న అన్నిటికంటే ముందు వస్తుంది.

ఒంటరితనం బస్సు టూర్లో బాధించినంతగా ఓడలో బాధించదు. బస్సులో అందరూ జంటలు జంటలుగా కూర్చుంటే మీ పక్క సీటు ఖాళీగా ఉంటుంది, ఆ సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఓడలో వెయ్యి, రెండు వేల మంది ఎవరి దారిన వాళ్లు తిరుగుతారు. ఎవరు ఎవరితో వచ్చారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. మనుషులు కావాలనిపిస్తే చాలా ఓడల్లో ఒంటరిగా వచ్చినవాళ్లకోసం మొదటి రోజో రెండో రోజో ఒక కలయిక పెడతారు. రోజువారీ కార్యక్రమాల కాగితంలోనో ఓడ యాప్‌లోనో దాని టైము ఉంటుంది. దానికి మొదటి రోజే వెళ్లండి. ఆలస్యం చేస్తే అప్పటికే గుంపులు కుదిరిపోయి ఉంటాయి.

కాస్త వెలితిగా అనిపించేది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. ఊళ్లో అయితే ఆ వేళకి దీపం పెట్టడం, సీరియల్, అమెరికా నుంచి వీడియో కాల్. ఓడలో అవేమీ ఉండవు. ఆ రెండు గంటలకీ ఏదో ఒకటి ముందే అనుకోండి: లైబ్రరీ, సంగీత కచేరీ, పై డెక్ మీద నడక. మిగతా రోజంతా ఎలా గడిచిందో మీకే తెలియదు.

"పెద్దలకు మాత్రమే" అని రాసిన ఓడలున్నాయట. అంటే ఏదైనా తేడా వ్యవహారమా?

కాదండీ. ఎక్కువగా దాని అర్థం పిల్లలు ఉండరని, అంతే. స్విమ్మింగ్ పూల్లో కేకలు ఉండవు, లిఫ్టులో అన్ని బటన్లూ నొక్కేసి పారిపోయేవాళ్లు ఉండరు, భోజనాల దగ్గర పరుగులు ఉండవు.

అయితే అలాంటి ఓడలన్నీ ఒకే రకం అనుకోకండి. 2021లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టిన వర్జిన్ వాయేజెస్ ఓడల్లో 18 ఏళ్లు నిండినవాళ్లనే ఎక్కిస్తారు, కానీ అక్కడ పార్టీల సందడి బాగానే ఉంటుంది. వైకింగ్ ఓడల్లో కూడా 18 దాటాలి. వాటిలో కాసినో లేదు. చరిత్ర ఉపన్యాసాలు, పుస్తకాలు, నెమ్మదైన సంగీతం ఉంటాయి. బ్రిటన్‌లో పీ అండ్ ఓ వాళ్ల ఆర్కేడియా, అరోరా ఓడలు పిల్లల్ని తీసుకోవు. సాగా అనే కంపెనీ ప్రధానంగా 50 దాటినవాళ్లకోసమే నడుపుతుంది. నన్నడిగితే రిటైరైన లెక్చరర్‌కి వైకింగ్, ముప్పై అయిదేళ్ల సాఫ్ట్‌వేర్ అమ్మాయికి వర్జిన్. తారుమారైతే ఇద్దరూ తిట్టుకుంటారు.

అంత దూరం, అంత ఖర్చు పెట్టలేం. ఇండియా నుంచి అలాంటివి లేవా?

పెద్దలకు మాత్రమే అని పెట్టిన సముద్రపు ఓడ మన తీరం నుంచి ఎక్కాలని చూడకండి. మన దగ్గర బాగా తెలిసింది కార్డేలియా. 2021 సెప్టెంబరులో ముంబై నుంచి మొదలైంది. వాళ్ల ఎంప్రెస్ ఓడ 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో రాయల్ కరేబియన్ కోసం కట్టింది. అది కుటుంబాల ఓడ. పెళ్లిళ్లు, ఆఫీసు బృందాలు, పిల్లల ఆటలు అన్నీ ఉంటాయి. విశాఖలో క్రూజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ఓడలు కొన్ని సీజన్లలోనే తిరుగుతాయి కాబట్టి తేదీలు చూసుకుని ప్లాన్ చేసుకోవాలి.

ప్రశాంతత కావాలంటే కుటుంబాల ఓడలో కూడా దారులున్నాయి. శని ఆదివారాలు కలవని ప్రయాణం ఎంచుకోండి. బడులు నడిచే రోజులు చూసుకోండి. పూల్ దగ్గర గోల ఉంటే దానికి దూరంగా ఉన్న డెక్‌లో క్యాబిన్ అడగండి. సింగపూర్ నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో కొన్నిటికి పెద్దవాళ్లకే ప్రత్యేకించిన చోట్లు ఉంటాయి. రాయల్ కరేబియన్ ఓడలు చాలావాటిలో సోలేరియం అని అద్దాల పైకప్పు కింద ఉండే చోటు అలాంటిదే. చేతిలో పుస్తకంతో పొద్దున్నే వెళ్తే మంచి కుర్చీ దొరుకుతుంది. పదింటికి వెళ్తే ప్రతి కుర్చీ మీదా తువ్వాలు ఆరేసి ఉంటుంది. సీటు మీద తువ్వాలు వేసి ఆపడం మన ఆర్టీసీ బస్సుల్లోనే అనుకుంటాం గానీ ప్రపంచమంతా అంతే.

ఒక్కరే వెళ్తుంటే ఇద్దరి డబ్బులు అడుగుతున్నారు. ఇదేం న్యాయం?

న్యాయం సంగతి పక్కన పెట్టండి, లెక్క ఇది. క్యాబిన్ ధర ఇద్దరు ఉంటారనే లెక్కలో మనిషికి ఇంత అని చెబుతారు. ఒక్కరే తీసుకుంటే రెండో మనిషి వాటాలో సగం నుంచి మొత్తం దాకా మీ మీదే వేస్తారు. దీన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. ఉదాహరణకి మనిషికి 50,000 అని ప్రకటనలో ఉంటే ఒక్కరికి 75,000 నుంచి లక్ష దాకా కావచ్చు. పోర్టు ఛార్జీలు, పన్నులు, టిప్పులు మాత్రం ఒక్కరివే పడాలి. బిల్లులో అవి కూడా రెండింతలు వేశారేమో గీత గీత చూడండి.

ఒక్కరికోసమే కట్టిన చిన్న క్యాబిన్లు కొన్ని ఓడల్లో ఉన్నాయి. 2010లో నార్వేజియన్ ఎపిక్ ఓడలో 128 స్టూడియో క్యాబిన్లు పెట్టారు. వాటిలో ఉన్నవాళ్లు కూర్చుని కాఫీ తాగడానికి వేరే లాంజ్ కూడా కట్టారు. క్వీన్ మేరీ 2 ఓడకి 2016లో మార్పులు చేసినప్పుడు 15 సింగిల్ క్యాబిన్లు చేర్చారు. ఇవి తొందరగా అయిపోతాయి. ఇంకో మాట: సింగిల్ క్యాబిన్ అంటే తప్పకుండా చవక అనుకోవద్దు. అదే ఓడలో మామూలు లోపలి క్యాబిన్‌కి సప్లిమెంట్ కలిపితే ఎంతవుతుందో కూడా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్కోసారి మామూలుదే తక్కువ పడుతుంది, చోటూ ఎక్కువ.

ఓడ నిండకపోతే చివర్లో సప్లిమెంట్ తగ్గిస్తారు. అది సింగపూర్లో ఉండేవాళ్లకి పనికొచ్చే చిట్కా. రాజమండ్రి నుంచి విమానం, వీసా చూసుకోవాల్సిన మనకి చివరి నిమిషం బేరాలు కలిసిరావు.

విదేశీ టూర్ ప్యాకేజీ ఇక్కడి ఏజెంట్ దగ్గర కొంటే టీసీఎస్ అని, అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను కొంత కట్టించుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు మీ ఆడిటర్‌కి ఇవ్వండి.

ముందు మన గోదావరిలోనే అలవాటు చేసుకుంటే?

చాలా మంచి ఆలోచన, ఒక పరిమితితో. దిండిలో హౌస్‌బోట్ తీసుకుని ఒక్కరే ఒక రాత్రి ఉండి చూడండి. వశిష్ఠ పాయ మీద సాయంత్రం చిన్చినాడ వంతెన వైపు వెలుగు తగ్గుతుంటే, వంటాయన వచ్చి "చేప వేయించమంటారాండీ?" అని అడిగితే, మీకు మాట్లాడాలనిపిస్తుందా, ఫోన్ తీయాలనిపిస్తుందా, ఊరికే కూర్చోవాలనిపిస్తుందా? ఆ ఒక్క రాత్రిలో మీ సంగతి మీకు తెలిసిపోతుంది. ఫోన్ చేతిలోంచి దింపలేకపోతే వారం రోజుల ఓడ వద్దు, మూడు రాత్రులది చాలు.

పాపికొండల బోటు వేరే రకం. పొద్దున్న ఎక్కి, పేరంటాలపల్లి చూసి, సాయంత్రానికి వెనక్కి. మైకులో పాటలు, మధ్యాహ్నం భోజనం, జనం. ఒంటరి ప్రయాణానికి అది సాధన కాదు, సరదా. వెళ్తే మాత్రం లైఫ్ జాకెట్ తీయకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మనమెవరం మర్చిపోలేం. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తే ఆపినందుకు సంతోషించాలి గానీ ఏజెంట్‌తో గొడవ పెట్టుకోకూడదు. పక్షులూ చెట్లూ ఇష్టమైతే కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో బోటు ఎక్కండి. అక్కడ ఆటుపోట్లను బట్టి బోట్లు తిరుగుతాయి, కాబట్టి ముందు ఫోన్ చేసి వెళ్లడం మేలు.

పరిమితి ఏమిటంటే, ఏరు ఏరే, సముద్రం సముద్రమే. గోదావరిలో తల తిరగలేదు కాబట్టి బంగాళాఖాతంలోనూ తిరగదనుకుంటే పొరపాటు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూస్తే రెండు నీళ్ల నడకలో తేడా కంటికే తెలుస్తుంది.

సముద్రం కంటే నదిలో తిరిగే ఓడలు నయమంటారు. నిజమేనా?

నెమ్మది కోరేవాళ్లకి నిజమే. నది క్రూజులో జనం వందల్లోనే ఉంటారు, కెరటాలు ఉండవు, కిటికీలోంచి ఎప్పుడూ ఏదో ఒక గట్టు కనిపిస్తుంది, రోజూ ఏదో ఒక ఊరి మధ్యలో దిగొచ్చు. యూరప్‌లో రైన్, డాన్యూబ్ ప్రయాణాలు ఇలాంటివే. ఆ రెండు నదుల్నీ కలిపే కాలువ 1992లో పూర్తయింది. ఓడ లాకుల్లోకి వెళ్లి, తలుపులు మూసి, నీళ్లు నింపి పైకి లేపుతుంటే తోటి ప్రయాణికులు నోరు తెరుచుకుని చూస్తారు. మనకి అది ఆత్రేయపురం పక్కన లొల్ల లాకుల్లో చూసిన పనే, కాస్త పెద్దదిగా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర, కాలువల్ని సాగుతోపాటు పడవల రాకపోకలకి కూడా తవ్వించాడు. మన తాతల్లో చాలామంది కాకినాడ వెళ్లింది పడవ మీదే.

మన దేశంలోనే కావాలంటే గంగా విలాస్ ఉంది. 2023 జనవరి 13న వారణాసిలో మొదటి ప్రయాణం మొదలుపెట్టి, సుమారు 3,200 కిలోమీటర్లు తిరిగి డిబ్రూగఢ్ చేరింది. 18 గదులు, 36 మంది. ఖరీదు మాత్రం సామాన్యుడికి అందేది కాదు.

పంటు మీద ఏరు దాటితేనే నాకు కడుపులో తిప్పుతుంది. ఓడ ఎక్కగలనా?

సఖినేటిపల్లి నుంచి నర్సాపురం పంటు మీద తిప్పడానికి సగం కారణం ఎండ, డీజిల్ వాసన, పక్కనే ఆన్ చేసి ఉన్న బైకులు. పెద్ద ఓడలో అవేమీ ఉండవు. ఓడ పక్కలకి ఊగకుండా నీటి కింద స్టెబిలైజర్లని రెక్కలుంటాయి. అయినా కెరటం పెద్దదైతే ఊగుతుంది.

లోపల చెవి కదులుతున్నామని చెబుతుంది, కన్ను గది గోడలు చూసి కదలడం లేదంటుంది. ఈ గొడవ వల్లే వికారం. అందుకే బయటికొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూస్తే తగ్గుతుంది, క్యాబిన్‌లో కళ్లు పెద్దవి చేసుకుని ఫోన్ చూస్తే పెరుగుతుంది. క్యాబిన్ బుక్ చేసేటప్పుడే ఓడ మధ్యలో, కింది డెక్‌లో అడగండి. ముందు భాగం, పై డెక్ ఎక్కువ ఊగుతాయి. ఎక్కువ డబ్బు పెట్టి పై అంతస్తులో బాల్కనీ తీసుకుని మంచం దిగకుండా పడుకున్నవాళ్లు ఉన్నారు.

అవోమిన్ లాంటి మాత్రలు వికారం మొదలవక ముందే వేసుకోవాలి. నిద్ర వస్తుంది. గ్లకోమా ఉన్నవాళ్లు, ప్రొస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో ఉండకండి, అలాగని పూర్తిగా దట్టించకండి. అల్లం మురబ్బా జేబులో ఉంచుకోండి.

తుపాను వస్తే?

1996 నవంబరు 6 రాత్రిని చూసిన కోనసీమ వాళ్లు ఈ ప్రశ్న అడగకపోతేనే ఆశ్చర్యం. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ ఏప్రిల్ మే నెలల్లో వస్తాయి. కొబ్బరిచెట్టు పరుగెత్తలేదు, ఓడ పరుగెత్తగలదు. రోజుల ముందే హెచ్చరిక వస్తుంది, కెప్టెన్ దారి మార్చేస్తాడు. మీకు జరిగే నష్టం వేరే: వెళ్లాల్సిన రేవు రద్దవుతుంది, దాని బదులు ఒక రోజంతా సముద్రంలో. టికెట్ షరతుల్లో ఆ అధికారం కంపెనీకి రాసే ఉంటుంది కాబట్టి అసలు టికెట్ డబ్బు వెనక్కి రాదు, వస్తే ఆ రేవు పన్నులు వస్తాయి. ఒకే ఒక్క రేవు కోసం ఓడ ఎక్కేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక్కదాన్నే వెళ్తానంటే పిల్లలు ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పమంటారు?

బతిమాలకండి, కాగితాలు చూపించండి. ఓడ పేరు, క్యాబిన్ నంబరు, ఏ రోజు ఏ రేవు, కంపెనీ అత్యవసర ఫోన్ నంబరు, ఇన్సూరెన్స్ కాపీ, మీ మందుల జాబితా అన్నీ ఒక పీడీఎఫ్ చేసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. పిల్లల భయం సగం సమాచారం లేకపోవడం వల్లే. మిగతా సగం "అమ్మ మా అవసరం లేకుండా వెళ్లగలదా" అన్న ఆశ్చర్యం. దానికి మందు లేదు.

రోజూ ఒక వేళకి మెసేజ్ పెడతానని మాటివ్వండి, కానీ సముద్రంలో సిగ్నల్ పోవచ్చు కాబట్టి ఒక రోజు రాకపోయినా కంగారు పడొద్దని కూడా ముందే చెప్పండి. ఇది చెప్పకపోతే మీరు హాయిగా నిద్రపోతుంటే ఇక్కడ అన్నవరం సత్యదేవుడికి మొక్కులు మొదలవుతాయి.

ఆడవాళ్లకి భద్రమేనా?

ఓడలో సీసీ కెమెరాలు, సెక్యూరిటీ సిబ్బంది రాత్రీ పగలూ ఉంటారు. ఎవరెక్కారో ఎవరు దిగారో కార్డు స్కాన్‌తో లెక్క ఉంటుంది. అయినా కొన్ని జాగ్రత్తలు మనవి మనం తీసుకోవాలి. క్యాబిన్ నంబరు గట్టిగా చెప్పకండి, కొత్త స్నేహితులకి అసలే చెప్పకండి. లోపలి గొళ్లెం పెట్టుకోండి. రేవులో టాక్సీ డ్రైవర్ "ఒక్కరే వచ్చారా మేడం" అంటే "మావాళ్లు ముందు కారులో ఉన్నారు" అనేయండి. ఆ అబద్ధానికి పాపం ఏమీ రాదు. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా ఉంటే సర్దుకుపోకుండా రిసెప్షన్‌కి ఫోన్ చేయండి. మర్యాదకోసం నవ్వేసి ఊరుకోవడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు, ఓడలో దాన్ని పక్కన పెట్టాలి.

భోజనం టేబుల్ దగ్గర ఒక్కరే కూర్చోవడం నామోషీగా ఉంటుంది.

మొదటి రాత్రి ఉంటుంది. గుమ్మం దగ్గర సూటు వేసుకున్నాయన "ఒక్కరేనా?" అని వేలు చూపించి అడుగుతాడు. ఆ క్షణంలో చాలామంది "నాకాకలి లేదు" అని వెనక్కి తిరిగి బఫేలోకి వెళ్లిపోతారు. వెళ్లకండి. "పెద్ద టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి" అనండి. చాలా ఓడల్లో అలా కలిపి కూర్చోబెడతారు. ఆరుగురున్న టేబుల్లో ఒకరు చెవిటివాళ్లు, ఒకరు వాగుడుకాయ, ఒకరు అచ్చం మీలాగే మొహమాటపడుతూ వచ్చినవాళ్లు ఉంటారు. ఆ మూడో మనిషి పక్కన కూర్చుంటే చాలు. రోజూ ఒకే వేళకి ఒకే టేబుల్ కావాలా, ఎప్పుడంటే అప్పుడా అని బుకింగ్‌లో అడిగితే ఒంటరిగా వెళ్లేవాళ్లు మొదటిదే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ముఖాలు తెలుస్తాయి, వెయిటర్‌కి మీ అలవాట్లు తెలుస్తాయి. రెండో రోజుకే పెరుగు గిన్నె అడక్కుండా వస్తుంది.

శాకాహారులం. ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

ఇండియా, సింగపూర్ నుంచి బయల్దేరే ఓడల్లో మన శాకాహారం బాగానే దొరుకుతుంది, జైన భోజనం కూడా. యూరప్ ఓడల్లో బుకింగ్ అప్పుడే రాయించి, ఎక్కగానే మళ్లీ చెప్పండి. ఇంట్లో వండినవి చాలా కంపెనీలు ఒప్పుకోవు. కంపెనీ సీలు ఉన్న పచ్చడి ప్యాకెట్, పొడులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. జాడీలో ఆవకాయ, సీసాలో నెయ్యి వద్దు. సూట్‌కేసులో నూనె కారితే ఆ వాసన చీరల్ని వదలదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేవుల్లో తినేవేవీ ఒడ్డుకి దింపకండి, జరిమానాలు భారీగా ఉంటాయి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె ఓడలోకి రానివ్వరు.

మాకు రొయ్యల చెరువులున్నాయి. ఫోన్ లేకుండా ఎలా?

ఇది నిజమైన సమస్య, దీనికి తేలిక సమాధానం లేదు. రాత్రి రెండింటికి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే చెరువు నీళ్లకి గాలి ఆడించే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ ఫోన్ మీకు రావాలి అనుకుంటే ఓడ వైఫై ప్యాకేజీ ముందే కొనుక్కోండి, వాట్సాప్ కాల్ పనిచేసే ప్యాకేజీ ఏదో అడిగి మరీ కొనండి. మామూలు సిమ్ మీద ఆధారపడకండి. ఒడ్డు దాటగానే ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి తగులుకుంటే బిల్లు వేలల్లో వస్తుంది. ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసుకోండి.

కానీ నిజం చెప్పాలంటే మేత వేసే సీజన్ మధ్యలో వెళ్లకండి. ఫోన్ వచ్చినా నడిసముద్రంలోంచి మీరు చేయగలిగేదేమీ లేదు, టెన్షన్ తప్ప. పట్టుబడి అయిపోయి చెరువు ఎండబెట్టిన రోజుల్లో వెళ్లండి. కొబ్బరితోటల వాళ్లకి ఈ బాధ లేదు. దింపు వారం ఆలస్యమైతే కాయేం పారిపోదు.

బట్టలు?

ఏసీ చలికి శాలువా తప్పనిసరి. ఫార్మల్ నైట్, అంటే అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి, సూటే కావాలని లేదు. జరీ పంచె, లాల్చీ, ఉప్పాడ చీర చక్కగా నప్పుతాయి, సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. నర్సాపురం లేసు అల్లిక శాలువా ఒకటి భుజాన వేసుకుంటే పరిచయాలకి వేరే ప్రయత్నం అక్కర్లేదు, పక్కవాళ్లే వచ్చి పట్టుకుని చూస్తారు. తడి నేల మీద జారని చెప్పులు తీసుకెళ్లండి.

బీపీ, షుగర్ ఉన్నాయి. ఓడలో డాక్టర్ ఉంటాడా?

ఉంటారు, కానీ ఫీజు ఓడ బిల్లులో కలుస్తుంది, బాగా ఎక్కువ. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) అక్కడ చెల్లదు, మీ మామూలు హెల్త్ పాలసీ కూడా చాలావరకు చెల్లదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో క్రూజ్ అనీ, అత్యవసరంగా ఒడ్డుకి తరలించే ఖర్చు అనీ రాసి ఉందో లేదో చూడండి. ఉన్న జబ్బులు దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ రాదు.

మందులు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని సాయంత్రానికి గాని క్యాబిన్‌కి చేర్చరు. మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర ఆ పెట్టెలో ఉంటే ఇబ్బంది. ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో స్పష్టంగా రాయించుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో పాకే నోరోవైరస్ విరేచనాలకి శానిటైజర్ ఒక్కటే సరిపోదు.

ఎక్కగానే అలారం మోగించి అందర్నీ పోగేస్తారట, తప్పించుకోవచ్చా?

కుదరదు, వద్దు కూడా. టైటానిక్ మునిగాక 1914లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం నుంచి ఓడల భద్రత నియమాలు పెరుగుతూ వచ్చాయి. 2012లో కోస్టా కాంకార్డియా అనే ఓడ ఒరిగిపోయాక, ప్రమాదం వస్తే ఎటు వెళ్లాలో ఏం చేయాలో చూపించే ఈ డ్రిల్ ఓడ కదలక ముందే లేదా కదిలిన వెంటనే చేయించడం తప్పనిసరి చేశారు. ఒంటరిగా వెళ్లినవాళ్లు మరీ శ్రద్ధగా చూడాలి. మీ తరఫున దారి గుర్తుపెట్టుకునేవాళ్లు పక్కన ఉండరు.

ఇంగ్లీషు అంతంతమాత్రమే.

చాలు. సిబ్బందిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా నుంచి వచ్చినవాళ్లే, వాళ్లదీ నేర్చుకున్న ఇంగ్లీషే. హిందీ వస్తే ఇంకా తేలిక.

రేవుల్లో సొంతంగా తిరగొచ్చా?

తిరగొచ్చు. ఓడవాళ్ల టూర్ తీసుకుంటే అది ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. మీ సామానూ పాస్‌పోర్టూ ఓడలో, మీరు ఒడ్డున. గంటన్నర ముందే తిరిగి రండి. గడియారం ఓడ టైముకి పెట్టుకోండి, ఒడ్డు టైము వేరే కావచ్చు. మొదటి ప్రయాణానికి ఓడవాళ్ల టూరే తీసుకోమంటాను, కాస్త ఖరీదైనా.

పాస్‌పోర్ట్, వీసా?

ముంబై, గోవా లాంటి దేశంలోపలి ప్రయాణాలకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక, సింగపూర్ కలిస్తే పాస్‌పోర్ట్ కావాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లాలి. యూరప్‌లో ఓడ షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల గుంపు) దాటి మళ్లీ వాటిలోకి వస్తుంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. అలాస్కా ప్రయాణం వాంకూవర్ నుంచి అయితే అమెరికా, కెనడా రెండు వీసాలూ. ఓడ టికెట్ కొనేముందే ఈ లెక్క చూసుకోండి.

ఎప్పుడు వెళ్తే మంచిది?

జనవరి చివర, ఫిబ్రవరి. సంక్రాంతి అయిపోతుంది, చుట్టాలు వెళ్లిపోతారు, ఇల్లు అంతకుముందుకంటే బోసిగా ఉంటుంది, బంగాళాఖాతం నెమ్మదిగా ఉంటుంది, పిల్లలు బడుల్లో ఉంటారు. సంక్రాంతికే ఓడ ఎక్కుతానంటే ఊళ్లో ఎవరూ క్షమించరు. దసరా, క్రిస్మస్, వేసవి సెలవుల్లో ధరా ఎక్కువే, గోలా ఎక్కువే.

దిగే రోజు ఎలా ఉంటుంది?

హడావుడిగా ఉంటుంది. ముందురోజు రాత్రే పెట్టెలకి రంగు ట్యాగు కట్టి క్యాబిన్ బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకోవాల్సిన బట్టలు, పళ్లసెట్టు, కళ్లజోడు, మందులు, పాస్‌పోర్ట్ అందులో పడేయకుండా ముందే తీసి పెట్టుకోండి. రాత్రి గదికి వచ్చిన బిల్లు పొద్దున్న క్యూ పెరగకముందే సరిచూసుకోండి. చాలా ఓడల్లో టిప్పులు రోజుకి ఇంత అని అందులోనే కలిసి ఉంటాయి. మళ్లీ విడిగా ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

తిరుగు విమానం మధ్యాహ్నం దాటాకే బుక్ చేసుకోండి. చెన్నైలో దిగితే విమానం అక్కర్లేదు కూడా. సాయంత్రం సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నకి రాజమండ్రి. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు కాబట్టి అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సు. పెట్టెలు బరువైతే ముందురోజే కారు మాట్లాడుకోండి.